అందరికీ ఇరవై ఐదు నిమిషాలు

పెద్దాఫీసు, మూడో అంతస్తు
మార్చి 4

మరదలు పిల్లకి,

ఇక్కడంతా క్షేమం. మీ అన్నయ్యకి మోకాలి నొప్పి తగ్గింది, గొణుగుడు తగ్గలేదు.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్లో అయితే నువ్వు "సరే వదినా" అని పెట్టేస్తావు. పైగా మీ క్లినిక్ ఫోను వరండాలో ఉంది, నువ్వేం మాట్లాడినా బెంచీ మీద కూర్చున్నవాళ్ళంతా వింటారు. అందుకని ఇకనుంచి పని సంగతులన్నీ కాగితం మీదే.

సంగతేమిటంటే, ముప్పై ఒక్క ఊళ్ళలో హెచ్‌ఐవి సోకకుండా చూసే కార్యక్రమాలు నడుస్తున్నాయి. ఏ ఊళ్ళో ఎవరు, ఎవరికి, ఏం చేస్తున్నారో అన్నిటినీ ఒకే తీరులో రాసిపెట్టడం నా ఉద్యోగం. వినడానికి ఎంత తేలిగ్గా ఉందో చూశావా? ముప్పై ఒక్క ఊళ్ళవాళ్ళూ "కౌన్సెలింగ్ ఇస్తున్నాం" అనే రాశారు. ఆరా తీస్తే ఒక ఊళ్ళో కౌన్సెలింగ్ అంటే వ్యాను మీద మైకు. ఇంకో ఊళ్ళో చేతిలో పెట్టే కరపత్రం. మూడో ఊళ్ళో నర్సమ్మ గట్టిగా "జాగ్రత్తగా ఉండు" అనడం. అన్నీ ఒకే గడిలో, ఒకే మాటగా కూర్చున్నాయి. ఏది పనిచేస్తోందో తేల్చమంటే నా తల ప్రాణం తోకకొస్తోంది.

నువ్వు వాళ్ళకంటే ఘనం. నాలుగు పేజీల ఫారం పంపితే ఒక్క ముక్క రాసి తిప్పి పంపావు. "మామూలుగానే చేస్తున్నాం." ఆ మామూలేమిటో చెప్పవే తల్లీ!

ఇది వేళాకోళం కాదు. ఈ ఏడేళ్ళలో కొత్తగా సోకినవాళ్ళు బాగా తగ్గింది మీ ఓడరేవులోనే. అందుకని గనుల ఊళ్ళో అచ్చం మీలాంటి క్లినిక్ పెట్టిస్తున్నారు. అక్కడ కుదిరితే అన్ని ఊళ్ళకీ ఇదే పద్ధతి. కుదరకపోతే "రేవులో ఏదో అదృష్టం కలిసొచ్చింది" అని ఆగస్టు కమిటీలో మీదీ మూసేస్తారు. కాబట్టి బుద్ధిగా రాయి.

అన్నట్టు మీ సామాన్ల జాబితాలో "పేకముక్కలు, రెండు జతలు" అని ఉంది. అది క్లినిక్కా, క్లబ్బా? ఎర్ర పెన్నుతో కొట్టేశాను.

వదిన

తా.క. ఆరేళ్ళ కిందట నువ్వొచ్చి వెళ్ళిన వారమే నా వంటింటి టైమర్ పోయింది. ఇప్పటికీ మీ అన్నయ్యనే అనుమానిస్తున్నాను.

*

రేవు క్లినిక్, వెనక గది
మార్చి 15

వదినకి,

నీ ఉత్తరం చదివి మా నర్సు అరగంట నవ్వింది. వ్యాను మీద మైకు సంగతికి కాదు, నువ్వు నన్ను "తల్లీ" అన్నందుకు.

సరే, రాస్తున్నాను. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా తెరిచి ఉంటాం, ఎందుకంటే రేవులో బరువులు మోసేవాళ్ళకి మూడున్నరకి పని అయిపోతుంది, లారీ డ్రైవర్లు అప్పుడే దిగుతారు, ఒళ్ళమ్ముకుని బతికే ఆడవాళ్ళకి అప్పటికి ఇంకా పని మొదలవదు. వేలు మీద చిన్నగా పొడిచి రక్తపు చుక్క తీస్తాం. కాసేపు బయట బెంచీ మీద కూర్చోబెట్టి, అదే రోజు గదిలోకి పిలిచి ఫలితం చెప్తాం. గదిలో ఒక్కొక్కళ్ళతో విడిగా మాట్లాడతాం. కండోములు ఇస్తాం, ఎలా వాడాలో చూపిస్తాం. సోకే ప్రమాదం ఎక్కువున్నవాళ్ళకి ముందుజాగ్రత్త మాత్రలు. సోకినవాళ్ళని పెద్దాసుపత్రికి మేమే వెంటబెట్టుకెళ్ళి ఆ వారంలోనే మందులు మొదలుపెట్టిస్తాం. మూడో రోజున మళ్ళీ రమ్మని అందరికీ చీటీ ఇస్తాం.

ఇంతే. నాలుగు పేజీలూ నింపి ఇందులో పెట్టాను. చేతులు పడిపోయాయి. ఇంకా ఏమన్నా కావాలంటే నువ్వే వచ్చి చూసుకో.

పేకముక్కలు వచ్చినవాళ్ళ కాలక్షేపానికి. కొట్టేస్తే కొట్టేశావులే, నా దగ్గర పాతవి ఉన్నాయి.

అన్నయ్యని పాపం ఏమీ అనకు.

మరదలు

*

పెద్దాఫీసు, మూడో అంతస్తు
జూన్ 2

మరదలికి,

చెడ్డవార్త. గనుల ఊరి క్లినిక్ నీ నాలుగు పేజీలు ముందు పెట్టుకుని మొదలుపెట్టారు. ఒక్క ముక్క అటూ ఇటూ కాలేదు. అవే వేళలు, అదే పరీక్ష, అవే చీటీలు. అక్కడి నర్సు కూడా మంచి పిల్ల, నెమ్మదస్తురాలు.

మొదటి వారం అరవై నాలుగు మంది వచ్చారు. రెండో వారం ఇరవై మూడు. మూడో వారం అయిదుగురు. నాలుగో వారం ఆ నర్సూ, వాచ్‌మనూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ కూర్చున్నారట. ఫోన్లో ఏడ్చింది. "నేనేం తప్పు చేశానమ్మా?" అని అడిగింది.

ఆగస్టు 30న కమిటీ. రెండు క్లినిక్కులూ మూసెయ్యమని నోటు తయారైపోయింది.

నువ్వేదో రాయలేదు. కావాలని కాకపోవచ్చు, మర్చిపోయి ఉండొచ్చు. కానీ ఏదో ఉంది. ఆలోచించు.

వదిన

*

రేవు క్లినిక్
జూన్ 10

వదినకి,

నేను రాయాల్సిందంతా రాశాను. ఏడేళ్ళు పనిచేసి చూపిస్తే చాలలేదు, కాగితం కావాలన్నారు. కాగితం ఇస్తే అది పనిచెయ్యట్లేదంటున్నారు. ఇప్పుడు తప్పు నాది!

ఆ నర్సుకి చెయ్యి తిరగలేదేమో. ఆ ఊరి జనం వేరేమో. నాకేం తెలుసు? మూసేస్తే మూసెయ్యమను. బెంచీ మీద కూర్చున్న వాళ్ళకి నువ్వే వచ్చి చెప్పు ఆ మాట.

మరదలు

*

గనుల ఊరు, క్లినిక్ ఎదుటి టీ కొట్టు
జూన్ 24

మరదలు పిల్లకి,

నీ కోపం అందింది. కవరు మీద స్టాంపు కూడా వంకరగా అంటించావు, అంత కోపమన్నమాట.

నువ్వే వచ్చి చూసుకో అన్నావుగా. మీ ఊరొస్తే నువ్వు అన్నీ సర్ది చూపిస్తావు. అందుకని సెలవు పెట్టి ఇక్కడికొచ్చాను. మూడు రోజులనుంచి ఈ టీ కొట్టు బల్ల మీద ఏమీ చెయ్యకుండా చూస్తూ కూర్చున్నాను. మీ అన్నయ్యతో ఇరవై ఏళ్ళు కాపురం చేసిన దాన్ని, ఏమీ చెయ్యకుండా కూర్చునేవాళ్ళని చూసి చూసి నేర్చుకున్నాను.

నిన్న ఇద్దరు గని కూలీలు రక్తమిచ్చి వచ్చి ఫలితం కోసం ఇక్కడే కూర్చున్నారు. మొదటివాడు లోపలికెళ్ళి అయిదు నిమిషాల్లో నవ్వుకుంటూ బయటికొచ్చాడు. రెండోవాడు పది నిమిషాలైనా రాలేదు. పావుగంటైనా రాలేదు. టీ తాగుతున్న నలుగురూ మాటలు ఆపేశారు. ఒకడు చేతి గడియారం చూసుకున్నాడు. కొట్టువాడు గ్లాసులు కడుగుతూ, "అంతసేపు లోపలున్నాడంటే అంతే సంగతులమ్మా," అన్నాడు, వాన పడేలా ఉందన్నంత మామూలుగా. అతను నలభై నిమిషాలకి బయటికొచ్చాడు. ఎవరూ అతని మొహంకేసి చూడలేదు. అంతకంటే దారుణం ఇంకోటి లేదనిపించింది నాకు.

ఆ నర్సు తప్పేం చెయ్యలేదు. సోకనివాళ్ళతో చెప్పడానికి అయిదు నిమిషాల మాటలుంటాయి. సోకినవాళ్ళతో నలభై నిమిషాలవి. నీ కాగితంలో "విడిగా మాట్లాడతాం" అనే ఉంది. ఎంతసేపో లేదు. లేకపోవడం నీ తప్పూ కాదు, నా ఫారంలో "ఎంతసేపు" అన్న గడే లేదు.

అప్పుడు గుర్తొచ్చాయి నాకు పేకముక్కలు.

మీ గదిలో ఒక్కొక్కళ్ళూ ఎంతసేపు కూర్చుంటారు? నిజం చెప్పు.

నేనూ ఒక నిజం చెప్తాను. మూసెయ్యమన్న ఆ నోటు తయారైంది నా బల్ల మీదే. అంకెలు చూసి నేనే రాశాను. కిందటి ఉత్తరంలో "తయారైపోయింది" అన్నాను కానీ ఎవరు రాశారో చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు.

వదిన

*

రేవు క్లినిక్, వెనక గది
జూలై 1

వదినా,

ఇరవై ఐదు నిమిషాలు. అందరికీ. సోకినవాళ్ళకీ, సోకనివాళ్ళకీ, ఊరికే తోడొచ్చినవాళ్ళకీ. ఒక్క నిమిషం ఎక్కువా లేదు, తక్కువా లేదు. సోకనివాళ్ళకి పది నిమిషాల్లో చెప్పాల్సింది అయిపోతుంది. మిగతా పావుగంటా వాళ్ళతో పేకాడతాను. ఆడుతుంటే వాళ్ళే ఏవేవో అడుగుతారు, ముందు అడగలేనివి. సోకినవాళ్ళకి ఇరవై ఐదు నిమిషాలు చాలవు. అందుకే మూడో రోజు చీటీ, అదీ అందరికీ.

ఇది నేను మర్చిపోలేదు వదినా. రాయలేకపోయాను. రాస్తే ఎందుకలా చేస్తున్నావని అడుగుతావు.

మొదటి ఏడాది మా ఎదుటి వరసలో ఒక దర్జీ ఉండేవాడు. అంతకంటే ఎక్కువ చెప్పను, నీక్కూడా. మా గుమ్మానికి కర్టెన్ కుట్టిపెట్టింది అతనే. మెడలో టేపు వేసుకుని, నవ్వుతూ, పనిలో పరమ చాదస్తం. నేలదాకా కుట్టాడు. "ఇంత పొడుగెందుకయ్యా, ఊడ్చినప్పుడల్లా తగులుతుంది" అంటే, "కింద కాళ్ళు కనపడకూడదమ్మా, ఎవరి చెప్పులో పోల్చేస్తారు" అన్నాడు. చూశావా, నాకంటే ముందే ఆలోచించాడు.

ఒకరోజు తనే పరీక్షకి వచ్చాడు. సోకిందని తేలింది. అప్పటికి నేను ఆ మాట చెప్పింది ముగ్గురికే. అతను ఏడ్చాడు, నేను ధైర్యం చెప్పాను. మందులున్నాయి, బతుకుతావు, పెళ్ళి కూడా చేసుకోవచ్చు అన్నీ చెప్పాను. మంచి పని చేస్తున్నాననుకుని నలభై నిమిషాలు కూర్చోబెట్టాను. బయట బెంచీ మీద తొమ్మిది మంది. అంతకుముందు లోపలికెళ్ళినవాళ్ళంతా అయిదేసి నిమిషాల్లో వచ్చెయ్యడం వాళ్ళు చూస్తూనే ఉన్నారు.

నేను ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. మర్నాటికి అతని కొట్టులో కుట్టడానికిచ్చిన బట్టలు ఒక్కొక్కళ్ళూ వెనక్కి తీసుకెళ్ళిపోయారు, కుట్టనివి కుట్టనట్టే. నాలుగో రోజు కొట్టుకి తాళం. ఆసుపత్రి చీటీ నా దగ్గరే ఉండిపోయింది. మందులు మొదలుపెట్టాడో లేదో, ఎక్కడున్నాడో, ఉన్నాడో లేడో నాకు తెలియదు.

ఆ నెలే నేను మీ ఇంటికొచ్చాను. నువ్వు వంటింట్లో టైమర్ పెట్టి పాలు కాస్తుంటే చూశాను. గంట మోగగానే దించేశావు, ఒక్క క్షణం ఆలోచించకుండా. వెళ్ళేటప్పుడు అది నా సంచీలో వేసుకున్నాను. ఇక్కడ బల్ల మీద ఉంది. ఆరేళ్ళనుంచి అది మోగితేనే ఎవరైనా బయటికెళ్ళేది. అన్నయ్యకి క్షమాపణలు చెప్పు.

నోటు నువ్వు రాశావని కోపం లేదు. నేను రాయనిదానికంటే నువ్వు రాసింది పెద్ద తప్పేం కాదు.

మరదలు

*

పెద్దాఫీసు
జూలై 8

బంగారుతల్లీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆఫీసులోనే ఏడ్చాను, అందరూ చూశారు, చూస్తే చూడనీ.

ఫారం మళ్ళీ రాశాను. ప్రతి పనికీ మూడు కొత్త గడులు. ఎలా, ఎంతసేపు, ఎందుకు. చివర ఇంకోటి, "మీకు కొత్తగా తెలిసింది". గనుల ఊరి నర్సుకి ఇవాళే పంపుతున్నాను, పేకముక్కలూ ఒక టైమరూ జత చేసి. నా టైమర్ మాత్రం నీ దగ్గరే ఉంచుకో.

"ఎందుకు" దగ్గర ఇలా రాయనా? "మొదటి ఏడాది మేం ఒకతన్ని నలభై నిమిషాలు కూర్చోబెట్టాం. బయటివాళ్ళు లెక్కపెట్టారు. అతను ఊరు వదిలి వెళ్ళాల్సొచ్చింది. తప్పు మాది. అందుకే ఇక్కడ అందరికీ ఇరవై ఐదు నిమిషాలు." అతనేం పని చేసేవాడో, ఏ ఊరో ఉండదు. దీన్ని క్లినిక్ గోడ మీద కూడా అంటించమంటాను, వచ్చినవాళ్ళకి తెలియాలి. నువ్వు వద్దంటే తీసేస్తాను.

వదిన

*

రేవు క్లినిక్
జూలై 13

రాయి. "తప్పు మాది" అన్నది మాత్రం పెద్ద అక్షరాల్లో.

మరదలు

*

పెద్దాఫీసు, మూడో అంతస్తు
ఆగస్టు 31

మరదలు పిల్లా,

గెలిచాం! గెలిచామే! ముందు ఆ మాట చదువుకుని, నర్సుకి చెప్పి, మంచినీళ్ళు తాగి వచ్చి మిగతాది చదువు.

గనుల ఊళ్ళో కొత్త పద్ధతి మొదలుపెట్టాక మొదటి వారం ఏడుగురు వచ్చారు. తర్వాత పంతొమ్మిది, నలభై నాలుగు. కిందటి వారం అరవై ఆరు! ఎదుటి టీ కొట్టువాడే పరీక్ష చేయించుకున్నాడు. బయటికొచ్చి, "లోపల నన్ను మూడు ఆటలు ఓడించింది" అని ఆ నర్సు మీద అందరికీ ఫిర్యాదు చేశాడట.

కమిటీ సంగతి విను. అయిదుగురు పెద్దమనుషులు. అధ్యక్షుడు కళ్ళజోడు ముక్కు చివరికి దించి, "పేకముక్కలేమిటమ్మా ఆరోగ్య కార్యక్రమంలో?" అన్నాడు. నేను అంకెలు చదవలేదు. "సార్, ఒక్కొక్కళ్ళూ పక్క గదిలోకి రండి, చిన్న పరీక్ష" అన్నాను. ముందు నలుగురినీ రెండేసి నిమిషాలు కూర్చోబెట్టి పంపేశాను. చివర అధ్యక్షుణ్ణి తలుపేసి ఇరవై రెండు నిమిషాలు ఉంచాను.

తలుపు తీసేసరికి బయట మాటల్లేవు. నలుగురూ ఆయన్నే చూస్తున్నారు. ఒకాయన తనకి తెలియకుండానే కుర్చీ కొంచెం అవతలికి జరుపుకున్నాడు. అధ్యక్షుడి మొహం మాడిపోయింది.

"నన్నెందుకలా చూస్తున్నారయ్యా? లోపల మేం పేకాడుకున్నాం, అంతే!" అని అరిచాడు.

"అవును సార్. అదే నా నివేదిక," అన్నాను.

కుర్చీ జరుపుకున్నాయన తల వంచుకున్నాడు. అధ్యక్షుడు మూసెయ్యమన్న నా నోటు అడిగి తీసుకుని, రెండు ముక్కలు చేసి, కొత్త ఫారం మీద సంతకం పెట్టాడు. ముప్పై ఒక్క ఊళ్ళకీ ఇదే తీరు. మీ క్లినిక్ ఉంటుంది. పేకముక్కలు కూడా ఉంటాయి, ఎర్ర పెన్నుతో కొట్టేసిన చోటే పచ్చ పెన్నుతో నా చేత్తో నేనే రాశాను.

మీ అన్నయ్యకి క్షమాపణ చెప్పాను. ఆరేళ్ళకి సరిపడా టీలు పెట్టమంటున్నాడు.

వదిన

*

పెద్దాఫీసు
నవంబరు 19

మరదలికి,

కూర్చుని చదువు.

వంతెన ఊరి క్లినిక్ నుంచి ఫారం వచ్చింది. "మీకు కొత్తగా తెలిసింది" అన్న గడి ఇంతవరకూ ఎవరూ నింపలేదు. వాళ్ళు నింపారు. గోడ మీది కాగితం చదివి ఒకతను రెండోరోజు ఒక మూట తెచ్చిచ్చాడట. దాంతో ఒక చీటీ. దాన్ని రాసినవాళ్ళకి పంపమని అతనే అన్నాడట, అందుకే పంపుతున్నాను. నకలు కాదు, అతని చేతిరాతే.

"అమ్మా, నలభై నిమిషాలు కూర్చున్నవాణ్ణి నేను. మీరు తప్పు మాది అని రాశారు. అది చదివాక కొట్టుకెళ్ళి ఆ పూట పని చెయ్యలేకపోయాను. తప్పు మీది ఒక్కరిదే కాదు. ఆ రోజు మీరు చెప్పిన మాటలే పట్టుకుని ఈ ఊళ్ళో మందులు మొదలుపెట్టాను. ఆరేళ్ళలో ఒక్క పూట మానలేదు. రక్తంలో కనపడనంత తగ్గిపోయిందన్నారు, ఇంకొకళ్ళకి అంటదన్నారు. పెళ్ళి చేసుకున్నాను, ఆవిడకి అంతా చెప్పే. ఆవిడకి లేదు. కాగితంలో అంతా బాగానే రాశారు గానీ ఒకటి వదిలేశారు. ఇక్కడ గుమ్మానికి కర్టెన్ మోకాళ్ళ దాకానే ఉంది. కింద కాళ్ళు కనపడుతున్నాయి. కొత్తది కుట్టి ఇస్తున్నాను."

నా కళ్ళు కనపడట్లేదు, ఇక రాయలేను. కర్టెన్ సంగతి జూలైలోనే నాకు రాశావు, నేనూ చదివాను, ఇద్దరికీ తట్టలేదు చూడు.

వదిన

*

రేవు క్లినిక్, వెనక గది
నవంబరు 25

వదినా,

ఉన్నాడు. బాగున్నాడు. ఈ రెండు మాటలూ నిన్నటినుంచి ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు. నర్సుకి కారణం చెప్పకుండా వాటేసుకున్నాను, నాకు పిచ్చెక్కిందనుకుంది.

ఆ చీటీ నా దగ్గరే ఉంచుకుంటాను. ఆరేళ్ళుగా దాచిన అతని ఆసుపత్రి చీటీ మాత్రం చింపేశాను, ఇక దాంతో పని లేదు.

ఫారంలో ఇంకో వరస చేర్చు. పని: గుమ్మానికి కర్టెన్. ఎలా: నేలను తాకాలి. ఎందుకు: లోపలున్నవాళ్ళ కాళ్ళు కనపడకూడదు. "ఎవరు చెప్పారు" అన్న గడి కూడా ఒకటి పెట్టు. అందులో "లోపల కూర్చున్నవాళ్ళు" అని రాయి.

ఇంకా నేను వదిలేసినవి ఏమన్నా ఉన్నాయేమోనని పొద్దుట గుమ్మం దగ్గరనుంచి మొదలుపెట్టి, మేం మామూలుగా చేసేవన్నీ ఒక్కొక్కటీ రాస్తూ వచ్చాను. పదహారు పేజీలైంది, ఇంకా వెనక గదిలోకి రాలేదు. నువ్వు తట్టుకోగలవా? అన్నీ పంపుతాను.

ఇప్పుడు ఆపుతున్నాను. టైమర్ మోగింది, బయట బెంచీ మీద పదకొండు మంది ఉన్నారు.

మరదలు